పంటకు మందు, పట్టుకు ముప్పు

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో చాలాచోట్ల టమాటా తోటకూ మల్బరీ తోటకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. రెండూ ఒకే రైతువైన కమతాలూ ఉన్నాయి. గట్టుకు ఈ పక్క పురుగును చంపితేనే పంట చేతికొస్తుంది. ఆ పక్క పురుగును బతికించుకుంటేనే పంట చేతికొస్తుంది. పక్క చేలో కొట్టే రసాయన మందుల గాలి తన తోటకు సోకకుండా పట్టు రైతు ఏళ్లుగా కాపలా కాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాసన లేని, కంటికి ఆనని మరో ప్రమాదం ఆ గట్టు దాటుతోంది. ‘జీవ మందు’, ‘సేంద్రియం’, ‘ఎవరికీ హాని చేయదు’ అన్న మాటలతో దుకాణాల్లో అమ్ముడవుతున్న బవేరియా బాసియానా అనే శిలీంధ్రపు పొడి, పట్టుపురుగుకు సున్నపుకట్టు రోగం తెచ్చే బూజే. అలాంటిదో దగ్గరిదో కాదు, అచ్చంగా ఆ జాతే. ఈ విషయం శాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్ల నాటిది. మన పల్లెల దాకా మాత్రం అందాల్సినంతగా అందలేదు. చలి, మంచు ముదిరే నెలల్లో పెంపకపు గదులు తెల్లబడ్డాక విచారించి ప్రయోజనం లేదు. హెచ్చరించాల్సిన సమయం ఇదే.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. పంట పురుగుల మీదికి సహజ శత్రువులను పంపే పద్ధతికి మేం వ్యతిరేకం కాదు. రసాయనాల ఊబిలోంచి రైతును పైకి లాగగల దారుల్లో అదొకటని గట్టిగా నమ్ముతున్నాం. నమ్ముతున్నాం కాబట్టే దాన్ని అజాగ్రత్తగా వాడి చెడగొట్టుకోవద్దని కోరుతున్నాం.

టమాటా రైతు బూజు మందు వైపు ఎందుకు తిరిగాడో తెలియనిది కాదు. దక్షిణ అమెరికాలో పుట్టిన టూటా అనే పురుగు 2014లో మహారాష్ట్రలో మొదటిసారి కనిపించి, దక్షిణాది టమాటా తోటలన్నిటికీ పాకింది. అది ఆకు పొరల మధ్య సొరంగాలు చేస్తుంది, కాయలోకీ తొలుచుకుపోతుంది. కాయతొలుచు పురుగు అంతకు ముందే ఉంది. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోస్తుంది. తామర పురుగులు మరో వైరస్‌ను మోస్తాయి. నారు నాటింది మొదలు చివరి కోత దాకా మందు కొడుతూనే ఉండాలి. కొట్టిన మందుకే పురుగు అలవాటు పడుతోంది. పెట్టుబడి పెరుగుతోంది, మార్కెట్లో ధర ఏ రోజు ఎంత పలుకుతుందో తెలియదు. ఇలాంటి వేళ తక్కువ ధరకు, అవశేషాలు మిగలని మందు దొరుకుతుందంటే రైతు చేయి చాపడంలో తప్పేమీ లేదు.

ఆ మందు పనిచేసే తీరు నిజంగా ఆశ్చర్యకరం. రసాయనం చాలావరకు పురుగు నరాల మీద దెబ్బ కొడుతుంది, బి.టి. లాంటి బాక్టీరియా పురుగు కడుపులోకి వెళ్లాలి. బవేరియాకు ఆ అవసరం లేదు. దాని బీజం పురుగు ఒంటి మీద పడి అంటుకుంటే చాలు. తేమ దొరకగానే మొలకెత్తి, చర్మాన్ని కరిగించే ఎంజైములను విడుదల చేస్తూ లోపలికి చొచ్చుకుపోతుంది. రక్తంలో పెరిగి విషాలు వదులుతుంది. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో పురుగు చనిపోతుంది. గాలిలో తేమ ఉంటే శవం మీద తెల్లటి బూజు లేచి మళ్లీ లక్షల బీజాలు రాలుస్తుంది. ఆకును నమలని తెల్లదోమ, తామర పురుగు లాంటి రసం పీల్చే పురుగుల మీద కూడా పనిచేయడానికి కారణం ఇదే. మరో పురుగుకు తనంతట తానే పాకడం కూడా ఇందువల్లే. టమాటా రైతుకు వరమైన ఈ రెండు గుణాలే పట్టు రైతుకు శాపమవుతున్నాయి.

ఈ బూజు చరిత్ర మొదలైందే పట్టుపురుగుల గదుల్లో. ఇటలీలోని లోదీ ప్రాంతంలో పట్టుపురుగులు బిగుసుకుపోయి సున్నం పూసినట్టు తెల్లబడి చనిపోతుంటే, అగోస్తీనో బాస్సీ అనే ఆయన ఏళ్ల తరబడి దాని వెంట పడ్డాడు. వాతావరణమో మేతో కారణమని అందరూ అనుకుంటున్న రోజుల్లో, దీనికి మూలం ప్రాణమున్న ఒక సూక్ష్మమైన బూజు అనీ, అది ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకు అంటుకుంటుందనీ 1835లో ప్రకటించాడు. పట్టుపురుగుల రోగాల మీద లూయీ పాశ్చర్ పని మొదలుపెట్టింది దాని తర్వాత మూడు దశాబ్దాలకు. ఒక జీవికి ఒక సూక్ష్మజీవి రోగం తెస్తుందని నిరూపించిన తొలి ఉదాహరణల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. ‘బాసియానా’ అన్న పేరు బాస్సీ గౌరవార్థం పెట్టిందే. గదులు శుద్ధి చేయండి, పనిముట్లు మరిగించండి, రోగం తగిలిన పురుగులను వేరు చేసి కాల్చేయండి అని ఆయన చెప్పిన జాగ్రత్తలే నేటికీ పట్టు శాఖ చెప్పే జాగ్రత్తలకు పునాది.

పట్టుపురుగును చంపే బూజు పంట పురుగునూ చంపగలదన్న ఆలోచన ఆ తర్వాత పుట్టింది. 1879లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమ పైరును తినే పెంకు పురుగు మీద ఆకుపచ్చ బూజును గుర్తించి, దాన్ని ఆయుధంగా వాడవచ్చని చూపాడు. ఈనాడు మెటారైజియం పేరుతో అమ్ముతున్నది అదే. బి.టి.గా పేరుపడిన బాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్త ఇషివాటా 1901లో గుర్తించింది కూడా చచ్చిపోతున్న పట్టుపురుగుల్లోనే. జీవ నియంత్రణలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఆయుధాల్లో రెండు పట్టుపురుగు రోగాలుగానే మొదట లోకానికి తెలిశాయి. పట్టు పండే నేల మీద వాటిని తెచ్చి చల్లేటప్పుడు ఈ పుట్టుక గుర్తుండాలి.

ఇవి పనిచేస్తాయా అన్న సందేహం ఎవరికీ అక్కర్లేదు. బ్రెజిల్ చెరకు తోటల్లో రసం పీల్చే పురుగు మీద లక్షల ఎకరాల్లో మెటారైజియం వాడుతున్నారు. ఆఫ్రికాలో మిడతల దండును ఆపడానికి ఆ కుటుంబంలోని బూజుతోనే ‘గ్రీన్ మజిల్’ అనే మందు తయారు చేశారు. మన రాష్ట్రంలోనే కొబ్బరి తోటల ఎరువు గుంతల్లో కొమ్ము పురుగు పిల్లల మీద మెటారైజియం చల్లమని చాలాకాలంగా చెబుతున్నారు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరికి చేరినప్పుడు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే మరో బూజును పెంచి రైతులకు అందించింది. ఆ అనుభవాలన్నీ మెచ్చుకోదగినవే. అయితే ఆ కొబ్బరి, చెరకు తోటల్లో చాలాచోట్ల గట్టు అవతల పట్టుపురుగు లేదు. ఇక్కడ ఉంది. అక్కడ హాని చేయలేదు కాబట్టి ఇక్కడా చేయదని అనుకోవడమే పొరపాటు.

పలమనేరు, మదనపల్లె, కుప్పం ఉన్న ఈ పడమటి మండలాల నేల, గాలి ఎలాంటివో చూడండి. సముద్ర మట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఇది. కింద మైదానాలు మండుతున్నప్పుడు కూడా ఇక్కడ రాత్రిళ్లు చల్లబడతాయి. ఆ చల్లదనమే టమాటాను ఏడాది పొడుగునా కాయించింది, ఆ చల్లదనమే పట్టును నిలబెట్టింది. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పేరు చెబితే టమాటా మార్కెట్ గుర్తొస్తుంది, పట్టుచీరలు నేసే మగ్గాలూ గుర్తొస్తాయి. కుప్పం, వి.కోట, రామకుప్పం, శాంతిపురం వైపు పట్టుగూళ్లు తీసిన రైతులు అమ్మకానికి కర్ణాటకలోని రామనగరం దాకా వెళ్తారు. ఈ రెండు పంటలనూ ఇన్నేళ్లు ఒకేచోట నిలిపిన చల్లని తేమ వాతావరణమే బవేరియా బూజుకూ మహా ఇష్టం. ఎండ మండితే, గాలి పొడిగా ఉంటే దాని బీజాలు నశిస్తాయి. కాబట్టి సాయంత్రం పూట, తేమ ఉన్నప్పుడు, మబ్బు వేళ కొట్టమని టమాటా రైతుకు చెబుతారు. వానలు, ముసురు, మంచు పట్టే ఆ కాలంలోనే పట్టు గదుల్లో సున్నపుకట్టు లేస్తుంది. మందు బాగా పనిచేసే రోజులూ రోగం బాగా పాకే రోజులూ ఒకటే.

పట్టు రైతు పెట్టుబడి ఎంత సున్నితమైన దారం మీద వేలాడుతోందో బయటివాళ్లకు తెలియదు. ఒక్కో తల్లి పురుగు పెట్టిన గుడ్లను ఒక మొత్తంగా లెక్కిస్తే, వంద మొత్తాలు అంటే నలభై, యాభై వేల పురుగులు. అవి గూడు కట్టేలోగా ఒక టన్ను దాకా మల్బరీ ఆకు తింటాయి. పొదిగినప్పటి నుంచి గూడు కట్టించే చంద్రికల మీదికి ఎక్కించే దాకా నెల రోజులు కూడా పట్టదు. అందులో తొలి రోజులు పిల్ల పురుగులను పెంచే చాకీ కేంద్రాల్లోనే గడిచిపోతాయి. నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటి, పురుగు ఆబగా మేసే చివరి దశలోనే మొత్తం మేతలో అయిదింట నాలుగు వంతులు ఖర్చవుతుంది. సరిగ్గా అప్పుడు రోగం తగిలితే, తోట ఆకంతా మేపి, కూలీలు ఇచ్చి, రాత్రిళ్లు మేల్కొన్నాక, గూడు కట్టే వేళకు పురుగు బిగుసుకుపోతుంది. గూడు కట్టాక చచ్చినా అది తేలిపోయిన గూడే, ధర రాదు. ఇంట్లో ఆడవాళ్ల శ్రమ ఎక్కువగా పడే పంట ఇది. ఆ శ్రమకు ఏ ఖాతాలోనూ లెక్క రాయరు కాబట్టి, పోయినప్పుడు కూడా ఎవరూ లెక్క కట్టరు.

బీజం పొలం నుంచి గదిలోకి వచ్చే దారులు చాలానే ఉన్నాయి. పక్క చేలో సాయంత్రం కొట్టిన పిచికారీ గాలికి మల్బరీ ఆకు మీద వాలుతుంది. తెల్లవారి మంచు తడితో ఆకు కోసుకొచ్చి అలాగే పురుగుల మీద పరుస్తారు. టమాటాకు కొట్టిన స్ప్రేయర్‌నే మల్బరీకీ వాడతారు. మందు కొట్టినవారే అవే బట్టలతో, అవే చేతులతో మేత వేయడానికి గదిలోకి వెళ్తారు. టమాటా తోటలో బూజు పట్టి చచ్చిన గొంగళి పురుగులు గట్ల మీద, కలుపు మొక్కల మీద రోజుల తరబడి బీజాలు విడుస్తూనే ఉంటాయి. గదిలోకి ఒక్కసారి చేరితే అది తట్టల సందుల్లో, గోడ పగుళ్లలో, చంద్రికల్లో దాగి మరుసటి పంటకు కాచుకుని ఉంటుంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. బవేరియా మన నేలలో అనాదిగా ఉన్నదే కదా, ఎవరూ కొట్టని రోజుల్లో కూడా సున్నపుకట్టు వచ్చింది కదా అంటారు. నిజమే. పైగా బవేరియాలో ఎన్నో రకాలున్నాయి, అన్నిటికీ ఒకే తీవ్రత ఉండదు. కొన్ని రకాలు పట్టుపురుగును తేలిగ్గా చంపుతాయి, కొన్నిటికి అంత బలం ఉండకపోవచ్చు. అయితే ఒక లెక్క చూడండి. ప్రమాణాల ప్రకారం గ్రాము పొడిలో కనీసం 10 కోట్ల సజీవ బీజాలుండాలి. లీటరుకు 5 గ్రాముల చొప్పున ఎకరానికి 200 లీటర్లు కొడితే అది కిలో పొడి. అంటే ఒక్క సాయంత్రం ఒక్క ఎకరంలో 10,000 కోట్ల బీజాలు గాలిలోకి వదులుతున్నాం. నేలలో చెదురుమదురుగా ఉన్న బూజుకూ దీనికీ పోలిక లేదు. ఏ రకానికి ఎంత తీవ్రత అన్న తేడా ఉంటే, ఆ సంగతి ప్యాకెట్టు మీద రాసి ఉండాలి. పట్టుపురుగు మీద పరీక్షించి, ఇంత దూరం పాటిస్తే ముప్పు లేదని తేల్చి, ఆ ఫలితాన్ని రైతు ముందు పెట్టాలి. అది పెట్టనంతకాలం ‘హాని చేయదు’ అన్న మాట నిరూపణ లేని హామీయే. ఆ హామీ తప్పితే నష్టం భరించేది దాన్ని ఇచ్చినవాడు కాదు.

దుకాణంలో జరిగే గందరగోళం దీన్ని మరింత ముదురుస్తోంది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బవేరియా, మెటారైజియం అన్నీ ఒకే వరుసలో, ఒకే రకం ప్యాకెట్లలో, ‘బయో’ అన్న ఒకే పేరు కింద ఉంటాయి. ట్రైకోడెర్మా మొక్కల వేరుకుళ్లు లాంటి తెగుళ్ల మీద పనిచేసే బూజు, పురుగులను చంపే పని దానిది కాదు. మల్బరీ వేరుకుళ్లుకు కూడా దాన్ని వాడతారు. ట్రైకోడెర్మానూ బవేరియానూ ఒకే గాటన కట్టి మొత్తం జీవ మందులనే భయపెట్టి దూరం చేయడం ఎంత తప్పో, అన్నీ నిరపాయమని బవేరియాను కూడా అందులో కలిపేయడం అంతే తప్పు. మరీ దారుణం, మల్బరీకి తుక్రా పట్టిందనో ఆకు చుట్టు పురుగు పడిందనో అడిగిన రైతుకు కూడా బవేరియా చేతిలో పెట్టడం. మేత మీదే రోగాన్ని చల్లించడం అది. అలా ఇచ్చే దుకాణదారుకు సంగతి తెలియకపోతే అమ్మే అర్హత లేదు, తెలిసి ఇస్తే క్షమార్హత లేదు.

ఇక రెండో ప్రమాదం, నకిలీ. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు, రసాయనాలు విఫలమై రైతులు కనిపించిన ప్రతి సీసా వెంటా పరిగెత్తారు. జీవ మందు పేరుతో అమ్మే సీసాల్లో రసాయన పురుగుమందు కలిపి ఉన్నట్టు తెలుగు రాష్ట్రాల్లో తనిఖీల్లో బయటపడిన సందర్భాలు ఒకటి కాదు. నిజమైన బూజు వారం దాకా సమయం తీసుకుంటుంది. రైతుకు మర్నాటికే ఫలితం కనబడాలి. ఆ ఆత్రాన్ని సొమ్ము చేసుకునేవాడు అందులో రసాయనం కలుపుతాడు. పట్టు రైతుకు ఇది రెండు వైపులా పదునైన కత్తి. ప్యాకెట్టులోది అసలు సరుకైతే రోగం, నకిలీదైతే విషం. పట్టుపురుగు రసాయన మందుకు తట్టుకునే పురుగు కాదు, ఆకు మీద కాస్త అంటినా నురగ కక్కి చస్తుంది.

చట్టం లేక కాదు ఈ పరిస్థితి. పురుగును చంపుతుందని చెప్పి అమ్మే ఏ సూక్ష్మజీవి మందైనా 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదై ఉండాలి. సజీవ బీజాల సంఖ్య, తేమ శాతం, హానికర బాక్టీరియా లేకపోవడం వంటివాటికి ప్రమాణాలున్నాయి. ఆ దారి తప్పించుకోవడానికి కొందరు పురుగుమందు అనే మాట వాడకుండా ‘మొక్కల బలం’, ‘జీవ ఉత్పత్తి’ అని అమ్ముతూ వచ్చారు. ఆ సందును పూడ్చడానికి కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, మొక్కల పెరుగుదలను ప్రేరేపించే ఉత్పత్తులను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. వాటిలో పురుగుమందు 0.01 పి.పి.ఎం. మించకూడదని నిబంధన పెట్టింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. పలమనేరులోనో పుంగనూరులోనో ఒక దుకాణం నుంచి నమూనా తీసి, పరీక్షకు పంపి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద అంటించినప్పుడే అది రైతుకు కనబడే చట్టమవుతుంది.

అసలు సరుకు కూడా వాడటం తెలియక వృథా అవుతోంది. టమాటాకు మాడు తెగులు కోసం మాంకోజెబ్ లాంటి శిలీంధ్రనాశినిని తరచుగా కొడతారు. బూజును చంపే మందునూ బూజునూ ఒకే డ్రమ్ములో కలిపితే రెండో దానికి ఇచ్చిన డబ్బు మట్టిపాలే. వేసవిలో రేకుల షెడ్డు దుకాణంలో నెలల తరబడి ఎండకు ఉడికిన ప్యాకెట్టులో ఎన్ని బీజాలు ప్రాణంతో ఉంటాయి? ఇలా వాడి, పనిచేయలేదని విసిగి, రైతు మళ్లీ ఘాటైన రసాయనానికే వెళ్తాడు. అప్పుడు జీవ నియంత్రణ అన్న మాటే ఊళ్లో చులకనవుతుంది. పట్టు రైతుకు రోగం తెచ్చి, టమాటా రైతుకు ఫలితం ఇవ్వని పద్ధతిని ఏ ఊరూ రెండోసారి నమ్మదు. ఈ ప్రాంతంలో జీవ మందుల భవిష్యత్తు కోరేవాళ్లే ముందుగా కలవరపడాల్సిన విషయమిది.

తప్పు ఒక్క దుకాణదారుదే అనుకుంటే కథ సగమే. ప్రభుత్వంలో టమాటాను చూసే శాఖ ఒకటి, పట్టును చూసేది మరొకటి. మొదటిది పురుగును చంపమని సలహా రాస్తుంది, రెండోది పురుగును కాపాడమని సలహా రాస్తుంది. ఒకే సర్వే నంబరులోని రైతుకు ఈ రెండు కాగితాలూ వేరువేరుగా అందుతాయి. ఒక సలహా మరో సలహాను చదవదు. ఈ గోడను కూల్చడానికి కొత్త శాఖలు అక్కర్లేదు, కొత్త భవనాలూ అక్కర్లేదు. పట్టు శాఖ దగ్గర మల్బరీ రైతుల జాబితా ఉంది. ఉద్యాన శాఖ దగ్గర టమాటా సాగు వివరాలున్నాయి. రెండూ ఒక పటం మీద పెట్టి, ఏ గ్రామాల్లో రెండు పంటలూ ఆనుకుని ఉన్నాయో గుర్తించాలి. అక్కడ బవేరియా, మెటారైజియం, బి.టి. పిచికారీలను సిఫారసు చేయకూడదు, సబ్సిడీ మీద ఇవ్వకూడదు. కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ, బెంగళూరులోని కీటక వనరుల జాతీయ బ్యూరో మూడూ ఇక్కడికి కొద్ది గంటల దూరంలోనే ఉన్నాయి. మార్కెట్లో దొరికే రకాలను పట్టుపురుగు మీద పరీక్షించి, ఎంత దూరం, ఎన్ని రోజుల ఎడం అవసరమో మన వాతావరణంలోనే తేల్చమని వాటిని కోరాలి. ఆ జవాబు వచ్చే దాకా ఆనుకుని ఉన్న గ్రామాల్లో వాడకం ఆపడమే వివేకం.

అమ్మే ప్రతి ప్యాకెట్టు మీద ‘పట్టుపురుగులకు ప్రమాదం’ అన్న మాట పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. దుకాణంలో బిల్లు ఇచ్చేటప్పుడు ‘మీకు గానీ మీ గట్టు పక్కన గానీ మల్బరీ ఉందా’ అని అడిగే పద్ధతి రావాలి. కుప్పానికి అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. పలమనేరు దాటితే ముళబాగిలు. అవతలి కోలారు ప్రాంతంలోనూ టమాటా, పట్టు పక్కపక్కనే ఉన్నాయి. బీజానికి చెక్‌పోస్టు లేదు, సరుకు తెచ్చే బండికీ పెద్దగా లేదు. సరిహద్దు జిల్లాల అధికారులు ఈ ఒక్క విషయం మీదైనా కలిసి కూర్చోవాలి.

టమాటా రైతును ఒట్టి చేతులతో నిలబెట్టమని ఎవరూ అనడం లేదు. గట్టు అవతల పట్టు ఉన్నా నిశ్చింతగా వాడదగిన జీవ పద్ధతులున్నాయి. టూటాకూ కాయతొలుచు పురుగుకూ లింగాకర్షక బుట్టలు, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, టమాటా వరుసల మధ్య ఎర పంటగా బంతి, కాయతొలుచు పురుగుకే పరిమితమైన ఎన్.పి.వి. అనే వైరస్ ద్రావణం, పురుగు పట్టిన ఆకులనూ కాయలనూ ఏరి పూడ్చడం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పంటను కాపాడదు, కలిపి వేళకు చేస్తే మందు కొట్టే సార్లు తగ్గుతాయి. జీవ నియంత్రణ పట్టుకు మేలు చేసిన ఉదాహరణా మన పక్కనే ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన బొప్పాయి పిండినల్లి మల్బరీ తోటలను కూడా కమ్మేసింది. మందులు కొట్టలేక, ఆకు మేపలేక పట్టు రైతులు అల్లాడారు. 2010లో బెంగళూరు శాస్త్రవేత్తలు ప్యూర్టో రికో నుంచి ఆ పిండినల్లి మీదే బతికే చిన్న పరాన్నజీవి కందిరీగలను తెప్పించి, పరీక్షించి, తోటల్లోకి వదిలారు. పిండినల్లి అదుపులోకి వచ్చింది, పట్టుపురుగుకు వీసమెత్తు హాని జరగలేదు. ముందు ప్రశ్న అడిగి, పరీక్షించి, తర్వాత వదలడం అంటే అదీ.

పట్టు రైతులు కూడా కొన్నాళ్లు మరింత మెలకువగా ఉండక తప్పదు. మల్బరీకి విడిగా ఒక స్ప్రేయర్ పెట్టుకోవాలి. పక్క తోటలో ఏం కొడుతున్నారో అడగడానికి మొహమాటపడకూడదు. తెల్లవారి మంచు ఆరకుండా ఆకు కోయకూడదు. పంట పంటకీ గదిని శుద్ధి చేయాలి, పడకల మీద సున్నం, విజేత అనే శుద్ధి పొడి వేళ తప్పకుండా చల్లాలి. బిగుసుకున్న పురుగు ఒక్కటి కనబడినా బూజు లేవకముందే ఏరి కాల్చేయాలి, పేడకుప్పలో వేయకూడదు. అనుమానం వస్తే వెంటనే పట్టు శాఖకు చెప్పాలి. ఆ ఫిర్యాదును శాఖ రాతపూర్వకంగా నమోదు చేయాలి. చుట్టుపక్కల ఏ మందు కొట్టారో కనుక్కోవాలి. ఇప్పుడు అలాంటి నమోదు పద్ధతి లేకపోతే నష్టానికి కారణం ఎప్పటికీ తేలదు. కారణం తేలని నష్టానికి పరిహారం రాదు, బీమా కూడా రాదు.

ఒక పంట రక్షణ మరో పంట నాశనం కావడం ఈ ప్రాంతానికి తట్టుకోగలిగిన విషయం కాదు. పడమటి మండలాల్లో నీళ్లు తక్కువ, కమతాలు చిన్నవి. టమాటా ధర పడిపోయిన నెల ఇంటిని నిలబెట్టేది పట్టుగూళ్ల డబ్బే. గూళ్లు పోయిన నెల ఆదుకునేది టమాటాయే. ఆ రెంటి మధ్య ఒక దాన్ని ఎంచుకోమని రైతును నెట్టే స్థితి రాకూడదు. వచ్చే చలికాలపు పంటకు చాకీ పురుగులు ఇళ్లకు చేరకముందే రెండు శాఖలూ కలిసి ఆనుకుని ఉన్న గ్రామాల జాబితా ప్రకటించాలి. ఆ గ్రామాల దుకాణాల్లో బవేరియా, మెటారైజియం అమ్మకం నిలిపివేయాలి. పరీక్షల ఫలితాలు వచ్చాక, అవి అనుమతిస్తే, అనుమతించిన మేరకే మళ్లీ తెరవాలి. ఈ పని కలెక్టర్ల చేతిలో ఉంది, శాసనసభ్యుల చేతిలో ఉంది. చేయకుండా కూర్చుంటే, రేపు పెంపకపు గదుల్లో లేచే ప్రతి తెల్లటి బూజుకూ వాళ్లు జవాబు చెప్పాల్సి ఉంటుంది.